గేమింగ్ కంప్యూటరులో చిత్రవేగం హఠాత్తుగా తగ్గుట: కారణములు, పరిశీలనా విధానము

తెరమీద కదలే బొమ్మ నిజానికి కదలదు. సినిమాలో సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి మన కంటిముందు నిలిచి తొలగిపోతాయి. వాటిని కలిపి చలనంగా గ్రహించేది మన కన్నూ, మన మనస్సూ. కంప్యూటరు ఆటలలోనూ జరిగేది ఇదే. ఒక సెకనులో ఎన్ని చిత్రాలు తెరకు చేరుతున్నాయో తెలిపే సంఖ్యను ఫ్రేమ్ రేటు అంటారు. ఈ వ్యాసంలో దానినే చిత్రవేగమని వ్యవహరిస్తాను.

ఐతే సినిమాకూ ఆటకూ ఒక ముఖ్యమైన భేదమున్నది. చేర్యాల నకాషీ పటమును మన పాఠకులలో పలువురు చూచియే ఉంటారు. కథ చెప్పేవాడు ముందే చిత్రించిన పటాన్ని విప్పుతూ ఒక్కొక్క ఘట్టమే చూపుతాడు. సినిమా అటువంటిది, బొమ్మలన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. ఆట అటువంటిది కాదు. కథ వినేవారు ఏ దారి కోరితే ఆ దారిలో, అప్పటికప్పుడు చిత్రకారుడు కొత్త పటం గీయవలసి వస్తే ఎట్లుంటుందో ఆట అట్లుంటుంది. ఆటగాడు ఎటు తిరుగుతాడో ముందుగా ఎవరికీ తెలియదు. అతడు మీట నొక్కగానే ప్రాసెసరు "ఇప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏమి జరుగుతున్నది" అని లెక్క కడుతుంది. ఆ లెక్క ప్రకారం గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. సెకనుకు 60 బొమ్మలు కావలెనంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. 144 బొమ్మలు కావలెనంటే 7 మిల్లీసెకన్లకు లోపే. ఇంత స్వల్పమైన గడువులో నడిచే పనికి ఎక్కడ చిన్న అడ్డంకి ఏర్పడినా అది వెంటనే కంటికి తెలిసిపోతుంది.

నిన్నటిదాకా చక్కగా నడచిన యంత్రం నేడు హఠాత్తుగా మందగించినపుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానం నేను పుస్తకంలో చదివి తెలుసుకొన్నది కాదు. కొంత నష్టపోయి నేర్చుకొన్నది.

మా ఇంటి అనుభవం

మా ఇల్లు హుజూరాబాద్ నుండి జమ్మికుంటకు పోయే దారిలో ఉన్నది. జమ్మికుంట పత్తి మార్కెట్టు పేరుగాంచినది. ఆ చుట్టుపట్ల జిన్నింగు మిల్లులూ ఉన్నవి. దసరా దాటినది మొదలు శివరాత్రి వరకు పత్తి బండ్లు, లారీలు మా వాకిటి ముందు నుండే పోతాయి. దుబాయిలో పనిచేసే మా అన్నయ్య రెండు సంవత్సరాల క్రితం పంపిన డబ్బుతో ఒక కంప్యూటరు కొన్నాము. చదువుకూ, యానిమేషను నేర్చుకొనుటకూ అని ఇంట్లో చెప్పినాను. అది అబద్ధం కాదు; కాని ఆటలు కూడా ఆడేవాడినని ఒప్పుకొనుటలో తప్పు లేదు.

గత ఏప్రిల్ మాసంలో ఒకనాటి మధ్యాహ్నం ఆట మొదలుపెట్టిన పన్నెండు నిమిషాలకు తెరమూలన కనిపించే 60 అనే సంఖ్య ఒక్కసారిగా 30 అయినది. 59 కాలేదు, 50 కాలేదు, తిన్నగా 30. బొమ్మ తడబడసాగినది. యానిమేషను చిత్రాలు సిద్ధం చేయుటలోనూ మునుపటికన్న ఎక్కువ సమయం పట్టసాగినది.

నేను తొందరపడినాను. మొదట డ్రైవరు మార్చినాను. ఫలితం లేదు. తరువాత విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించినాను. అప్పుడూ ఫలితం లేదు. కాని ఆ తుడుపులో మా చెల్లెలు తన డిగ్రీ ప్రాజెక్టు కొరకు రికార్డు చేసిన బతుకమ్మ పాటలు కూడా పోయినవి. అవి మా నాయనమ్మ పాడినవి. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఈ వ్యాసం వ్రాయుటకు అసలు కారణం అదే.

పిమ్మట యంత్రాన్ని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకొనిపోగా, "వేగం సగానికి పడిపోయినదంటే కార్డు సగం చచ్చినట్లే, కొత్తది వేయాలె, 25 వేలు అవుతది" అన్నారు. అమ్మ చీటీ ఎత్తి ఇస్తానన్నది. ఆ డబ్బు చెల్లెలి పై చదువుకని దాచినది. నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు భౌతికశాస్త్రం బోధించే మా గురువుగారికి సంగతి విన్నవించినాను. ఆయన కంప్యూటరు ఆటలు ఎరుగరు. అయినను ఒక ప్రశ్న వేసినారు: "నాయనా, జబ్బు ఏమిటో తెలియకముందే మందు ఎందుకు మార్చినావు? అది ఏ వేళలో తగ్గుతున్నది, ఏ వేళలో తగ్గుట లేదు, ఎంతసేపటికి తగ్గుతున్నది, ఇవి ఎప్పుడైనా కాగితం మీద వ్రాసినావా?"

వ్రాయలేదు. ఆ రాత్రి నుండి వ్రాయ మొదలుపెట్టినాను.

కాగితం చెప్పిన సంగతి

తెల్లవారుజామున 5 గంటలకు తలుపులు తెరచి ఆడితే గంటసేపు 60 నిలకడగా నిలిచినది. మధ్యాహ్నం 3 గంటలకు అదే ఆట, అదే ఘట్టం పెట్టగా పన్నెండు, పదమూడు నిమిషాలకు 30కి పడిపోయినది. యంత్రం ఆపి అరగంట చల్లారనిచ్చి మళ్ళీ పెట్టగా తిరిగి 60తో మొదలై తిరిగి పడిపోయినది. చచ్చిన కార్డు ఉదయం బ్రతికి మధ్యాహ్నం చావదు కదా! కావున లోపం కార్డులో కాదు, వేడిలో ఉన్నదని అనుమానం కలిగినది.

విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరచి పనితీరు విభాగంలో చూస్తే గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. కార్డు తయారీదారులు ఇచ్చే పర్యవేక్షణ సాఫ్ట్‌వేరులో దాని గడియార వేగం, అనగా క్లాక్ స్పీడు, కూడా తెలుస్తుంది. ఆ రెండింటినీ నిమిషానికొకసారి వ్రాసుకొన్నాను. ఉష్ణోగ్రత క్రమంగా పెరిగి ఒక అంకె దగ్గర ఆగిపోయినది. అది ఆగిన క్షణం నుండే క్లాక్ వేగం తగ్గసాగినది. ఈ రెండు గీతలూ కలిసిన చోటనే 60 కాస్తా 30 అయినది.

రెండు చిన్న లోపాలు కలిసినపుడు

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. చిప్పులో ఖర్చయ్యే విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారుతుంది. ఆ వేడిని లోహపు రెక్కల హీట్ సింకు, ఫ్యాను కలిసి గదిలోని గాలికి చేరుస్తాయి. చిప్పు ఉష్ణోగ్రత ఎంత అనగా: గది ఉష్ణోగ్రతకు, చిప్పు వాడే వాట్లను ఉష్ణనిరోధంతో హెచ్చవేయగా వచ్చిన దానిని కలుపవలెను. ఉష్ణనిరోధమనగా ఒక వాటు వేడిని బయటికి పంపుటకు ఎన్ని డిగ్రీల తేడా కావలెనో తెలిపే సంఖ్య.

సులభంగా ఉండుటకు ఒక ఉదాహరణ తీసుకొందాము. చిప్పు 150 వాట్లు వాడుతున్నది. శుభ్రమైన హీట్ సింకు నిరోధం వాటుకు 0.3 డిగ్రీలు. చిప్పు సహించగల పరిమితి 95 డిగ్రీలు. ఇప్పుడు నాలుగు సందర్భాలు చూడండి.

చలికాలం, గది 28 డిగ్రీలు, హీట్ సింకు శుభ్రం: 28కి 45 కలిపితే 73. ఇబ్బంది లేదు.

వేసవి, గది 42 డిగ్రీలు, హీట్ సింకు శుభ్రం: 42కి 45 కలిపితే 87. ఇబ్బంది లేదు.

చలికాలం, దుమ్ము పట్టి నిరోధం 0.44కు పెరిగినది: 28కి 66 కలిపితే 94. అంచున ఉన్నది, ఐనా ఇబ్బంది లేదు.

వేసవి, దుమ్ము రెండూ కలిసినవి: 42కి 66 కలిపితే 108. పరిమితి దాటినది.

దుమ్ము ఒక్కటే అయితే యంత్రం ఓర్చుకొన్నది. ఎండ ఒక్కటే అయినా ఓర్చుకొన్నది. రెండూ కలిసిన నాడు మాత్రమే లోపం బయటపడినది. కనుకనే నెలల తరబడి మెల్లగా పేరుకొన్న కారణం మనకు "హఠాత్తు"గా కనిపిస్తుంది. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో వేసవిలో 40 డిగ్రీలు దాటుట పరిపాటి, 45 కూడా అరుదు కాదు. చలువ గదుల దేశాలవారు వ్రాసిన సలహాలు మన యంత్రాలకు పూర్తిగా సరిపోకపోవుటకు ఇదొక కారణం.

పరిమితి చేరిన చిప్పు కాలిపోదు. తన వేగాన్ని తానే తగ్గించుకొని ప్రాణం కాపాడుకొంటుంది. దీనిని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. మన ఉదాహరణలో 95 దాటకుండా ఉండవలెనంటే చిప్పు 150కి బదులు 120 వాట్లతో సరిపుచ్చుకోవలసి ఉంటుంది. ఈ పరిమితి అన్ని చిప్పులకూ ఒకటి కాదు. సాధారణంగా 80 నుండి 105 డిగ్రీల మధ్య ఉంటుంది.

మరి 30 ఎట్లు వచ్చినది?

అయిదవ వంతు విద్యుత్తు తగ్గితే వేగం సగానికి ఎందుకు పడిపోవలెను? ఇది నన్ను మిక్కిలి చిక్కులో పెట్టినది. జవాబు ఆటలోని ఒక అమరికలో దొరికినది. దాని పేరు వి-సింక్.

సాధారణ మానిటరు సెకనుకు 60 మార్లు తెరను తాజాపరుస్తుంది. బొమ్మ సగంలో మారి తెర చీలినట్లు కనిపించకుండా, తెర తాజాపడే క్షణం వరకు కొత్త బొమ్మను ఆపి ఉంచుటయే వి-సింక్ పని. ఇది బస్సు వంటిది. 16.7 మిల్లీసెకన్లకొక బస్సు బయలుదేరుతుంది. 16 మిల్లీసెకన్లలో తయారైన బొమ్మ ప్రతి బస్సునూ అందుకొంటుంది. 18 మిల్లీసెకన్లు పట్టినదనుకొందాము. ఒక బస్సు తప్పిపోతుంది, తరువాతి బస్సు దాకా నిలిచి ఉండవలెను. అనగా ప్రతి బొమ్మా 33.3 మిల్లీసెకన్లకు చేరుతుంది. సెకనుకు 30 బొమ్మలు! యంత్రం తగ్గినది పదింట ఒక వంతు. తెరమీద తగ్గినది సగం.

పరీక్షించుటకు వి-సింక్ తీసివేసి చూచినాను. మధ్యాహ్నపు వేడిలో సంఖ్య 55 దగ్గర నిలిచినది. "సగం చచ్చిన" కార్డు నిజానికి పదింట తొమ్మిది వంతుల బలంతో పనిచేస్తున్నది! కావున సంఖ్య సరిగ్గా 60 నుండి 30కి దూకినచో ముందుగా వి-సింక్‌ను అనుమానించవలెను. మూడు బఫర్లు వాడే ఆటలలోనూ, బొమ్మ వేగాన్ని బట్టి తానే సర్దుకొనే నూతన మానిటర్లలోనూ ఈ దూకుడు కనిపించదు.

శుభ్రపరచుట

కంప్యూటరు పలక విప్పి చూచినపుడు ఫ్యానుకూ లోహపు రెక్కలకూ నడుమ కంబళి ముక్కవలె దూది పొర పరచుకొని ఉన్నది. మా ఊరి పత్తి నూగు అది. శుభ్రపరచుటలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కరెంటు తీగ పూర్తిగా ఊడదీయవలెను. లోహపు భాగాన్ని తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును వదలించుకొనవలెను. మెత్తని కుంచెతో దుమ్ము కదిలించి గాలి ఊదవలెను. గాలి ఊదునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలెను. గాలివేగానికి అది అతిగా తిరిగి చెడిపోవచ్చును. తడిబట్ట వాడరాదు. పవర్ సప్లయి డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. తీగ తీసిన పిదప కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. చిప్పుకూ హీట్ సింకుకూ మధ్య ఉండే థర్మల్ పేస్టు ఎండిపోతే మార్చవలెను. గ్రాఫిక్స్ కార్డు విప్పుట చేతకానివారు తెలిసినవారి చేత చేయించుకొనుట మేలు.

ఆ మధ్యాహ్నమే, అదే వేడిలో, అదే ఘట్టం ఆడి చూచినాను. గంట గడచినా సంఖ్య 60 దగ్గరనే నిలిచినది. చీటీ ఎత్తవలసిన పని లేకపోయినది.

ఇతర కారణాలు, పరిశీలించవలసిన క్రమం

అందరి యంత్రాలలోనూ కారణం దుమ్మే కానక్కరలేదు. కాని పరిశీలనకు ఒక క్రమం ఉన్నది. ఖర్చు లేనివి ముందు. తిరిగి సరిదిద్దుకొనలేనివి అన్నిటికన్న చివర. ఒక్కమారు ఒక్కటే మార్పు. ప్రతి మార్పుకూ ముందూ వెనుకా కొలత.

మొదట ఆట ఒక్కటే మందగించినదా, అన్నీ మందగించినవా చూడవలెను. ఒక్కటే అయితే ఆ ఆటకు వచ్చిన కొత్త మార్పే కారణం కావచ్చును.

రెండవది, ఆటలో బొమ్మ రిజల్యూషను తగ్గించి చూడవలెను. వేగం పెరిగినచో భారమంతా గ్రాఫిక్స్ కార్డుపై ఉన్నదని అర్థం. పెరగనిచో అడ్డంకి ప్రాసెసరు, మెమొరీల వైపు ఉండవచ్చును.

మూడవది, టాస్క్ మేనేజర్‌లో ఇతర ప్రోగ్రాములు యంత్రాన్ని వాడుకొంటున్నవేమో చూడవలెను. వైరస్ పరిశీలన, విండోస్ దిగుమతులు, కొన్నిమార్లు ఉచిత సాఫ్ట్‌వేరు చాటున దూరిన దొంగ ప్రోగ్రాములు కూడా దీనికి కారణమవుతాయి.

నాలుగవది, తీగలు. యంత్రాన్ని ఒకచోటి నుండి మరొకచోటికి మార్చినపుడు మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డుకు బదులు మదర్‌బోర్డుకు తగిలించుట తరచుగా జరిగే పొరపాటు. ల్యాప్‌టాప్ అయితే చార్జరు సరిగా తగిలి ఉన్నదో లేదో చూడవలెను. బ్యాటరీ మీద నడిచేటపుడు అది పూర్తి శక్తి వాడదు.

అయిదవది, మెమొరీ. గాలిదుమారం వచ్చి కరెంటు పోయి వచ్చిన తరువాత కంప్యూటరు గడియారం తప్పు తేదీ చూపుచున్నదా? అయితే మదర్‌బోర్డులోని బిళ్ళ బ్యాటరీ అయిపోయి బయాస్ అమరికలు మొదటికి వచ్చి ఉండవచ్చును. అప్పుడు 3200 వేగం గల మెమొరీ 2133 లేక 2400 వేగంతో నడుస్తుంది. కొత్త బిళ్ళ వేసి అమరిక సరిచేస్తే చాలును.

ఆరవది, డ్రైవర్లు, విండోస్ మార్పులు. లోపం ఎల్లపుడూ మన ఇంటిలోనే ఉండదు. 2010 మార్చిలో ఎన్విడియా సంస్థ 196.75 సంఖ్య గల డ్రైవరును విడుదల చేసి, ఫ్యాను సరిగా తిరుగుట లేదని ఫిర్యాదులు రాగా ఉపసంహరించుకొన్నది. 2021 అక్టోబరులో విండోస్ 11 వెలువడినపుడు ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లపై కొన్ని ఆటల వేగం 10 నుండి 15 శాతం వరకు తగ్గవచ్చునని ఆ సంస్థయే ప్రకటించినది. ఆ నెలలోనే సవరణలు వచ్చినవి. 2025 అక్టోబరు నాటి విండోస్ 11 మార్పు పిమ్మట కొన్ని ఆటలు మందగించగా, నవంబరులో ఎన్విడియా ప్రత్యేక డ్రైవరు విడుదల చేయవలసి వచ్చినది. కావున వేగం తగ్గిన తేదీని, మార్పులు ఎక్కిన తేదీని సరిపోల్చి చూడవలెను. రెండూ ఒక్కటైతే పాత డ్రైవరుకు మరలుట ఉత్తమం.

విండోస్ తుడిచివేయుట, కొత్త కార్డు కొనుట, ఈ రెండూ ఇవన్నీ అయిన తరువాతనే. తుడుచుటకు ముందు దాచుకొనవలసినవి వేరొకచోట దాచుకొనవలెను. నేను ఈ వరుసను తలక్రిందులు చేసినాను. దాని ఫలితం పైన చెప్పినాను.

ముగింపు

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన కంప్యూటరు ప్రయోగశాల కూడా ఈ పత్తి గాలిలోనే ఉన్నది. జిన్నింగు ముగిసిన పిమ్మట, ఎండలు ముదరక ముందు, ఏటా మార్చి మాసంలో ఒకమారు యంత్రాలన్నిటినీ విప్పి శుభ్రపరచు ఏర్పాటు చేసినచో చాలా యంత్రాల ఆయుష్షు పెరుగుతుంది. ప్రతి యంత్రం ప్రక్కన ఒక నోటుపుస్తకం ఉంచి, ఏ తేదీన ఏమి మార్చినారో వ్రాయించినచో అది విద్యార్థులకు ప్రయోగపాఠం కూడా అవుతుంది. ఆ పనికి విద్యార్థులమే ముందుకు వస్తాము.

మనకు సమీపంలోని వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు గారు అరువది ఏండ్లు దాటిన పిదప, 1980 దశకంలో, కంప్యూటరు ముందు కూర్చుండి ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొన్నారు. యంత్రం ఎవరికీ పరాయిది కాదు. ఓపికతో ప్రశ్నించిన వారికి అది జవాబు చెప్పుతుంది. కాని ప్రశ్న వేయకముందే దానిని తుడిచివేస్తే జవాబుతోపాటు మరి కొన్ని కూడా పోతాయి.

మా చెల్లెలు ఇప్పుడు మళ్ళీ ఫోను పట్టుకొని ఊరిలోని ముసలమ్మల వద్దకు పోతున్నది. ఈసారి రికార్డు చేసిన ప్రతి పాటనూ రెండు చోట్ల దాచిపెడుతున్నాను.